కుక్కరు గుర్తుకు పడ్డ ఒక్క ఓటు

మా తాత కొమురెల్లి అసెంబ్లీకి నిలబడ్డ ఏడాది ఆయనకు వచ్చిన గుర్తు ప్రెషర్ కుక్కర్. పార్టీ పేరు సకలజీవుల పార్టీ. కోడిని కొయ్యొద్దు, మేకను నరకొద్దు, చెట్టును కొట్టొద్దు, వాగును పూడ్చొద్దు అని చెప్పే పార్టీ. దాని పెద్దలు ఎద్దు గుర్తు అడిగారట. ఎన్నికల సంఘం వాళ్ళు జంతువుల బొమ్మలు గుర్తులుగా ఇవ్వడం లేదన్నారట. పోనీ పిచ్చుక ఇవ్వమంటే అదీ కుదరదన్నారు. చివరికి ఎవరూ కోరుకోక మిగిలిన గుర్తుల్లోంచి కుక్కరు వచ్చింది.

ఆ కబురు తెలిసిన రోజు తాత దోస్తు బుచ్చన్న మా వాకిట్లో మంచం మీద పడి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"కొమురెల్లీ, గిది అసలైన గుర్తు రా! నాలుగు కూతలు కూసిందంటే మటన్ మెత్తగ ఉడుకుతది."

"నవ్వు, నవ్వు. పప్పు గూడ ఉడుకుతది అండ్ల," అన్నాడు తాత.

"పప్పు జూసి ఓటెవడేస్తడు రా?"

లోపలి నుంచి మా అవ్వ సారవ్వ అందుకుంది. "సూడు బిడ్డా, మీ తాత ఊరందరికి కుక్కరు సూపెడ్తడట. మనింట్ల ఇంకా కట్టెల పొయ్యే."

తాత కరపత్రం నా చేతికిచ్చి గట్టిగా చదవమన్నాడు. పదో తరగతి రెండుసార్లు తప్పిన నేనే మా ఇంట్లో పెద్ద చదువరిని. 'పర్యావరణ పరిరక్షణ' అన్న చోట నా నాలుక మడత పడింది. తాత మాత్రం చాలా బాగా చదివానన్నాడు. ఆయనకూ ఆ మాట పలకడం రాదు.

మాది గోదావరిఖని పక్కన కుమ్మరికుంట. తాత మీసం మొలవని వయసులోనే బాయిలో దిగాడు. మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. తట్ట, చెమ్మసు అనే పార పట్టుకుని టబ్బుల్లో బొగ్గు నింపడం ఆయన పని. అన్నం గిన్నె విప్పగానే మొదటి ముద్ద తీసి బండ పక్కన పెట్టేవాడు. అది ఎలుకలకు. పాత కార్మికులంతా అలాగే చేసేవారు. ఎలుకలు తిరుగుతున్నంతసేపు కప్పు గట్టిగా ఉన్నట్టు లెక్క. ఒకరోజు పెట్టిన ముద్ద పెట్టినట్టే ఉంది. ఎలుకలు రాలేదని తాత పక్కవాళ్ళకు చెప్పాడు. వాళ్ళు నవ్వారు. తాత కూడా నవ్వి మళ్ళీ చెమ్మసు పట్టాడు. కాసేపటికి కప్పు కూలింది. బుచ్చన్న చేతి గోళ్ళు ఊడిపోయేదాకా బొగ్గు తోడి ఆయన్ను బయటికి లాగాడు. అప్పటి నుంచి తాతకు ఎడమ కాలు ఈడ్పే.

"ఎలుక చెప్పింది, నేను ఇనలే," అనేవాడు తాత, ఎవరు కాలి సంగతి అడిగినా.

"ఎలుక కాదు, నిన్ను మైసమ్మ కాపాడింది," అనేవాడు బుచ్చన్న.

"మైసమ్మనే ఎలుకను పంపింది," అని తాత ముగించేవాడు.

బాయి మూతి దగ్గర మైసమ్మ గద్దె ఉంది. దానికి మొక్కకుండా ఎవరూ కిందికి దిగరు. అమ్మకు యాటను, అంటే మేకపోతును, కోస్తే ఆ మాంసం మోదుగాకులో పెట్టి తలా ఒక ముక్క ఇస్తారు. ఆ ముక్కను ఎవరూ వద్దనకూడదు. వద్దంటే బాయి వింటుందట. దాని ఫలం అన్నవాడికి కాదు, ఆ పూట కింద ఉన్నవాళ్ళకు తగులుతుందట. ఇంకో మాట కూడా ఉంది. ఆ ముక్క తిని చేసిన ఒట్టు తప్పడానికి వీల్లేదు. అన్నదమ్ముల పొలం గెట్ల పంచాయితీలు, సారా మానే ఒట్లు అన్నీ అక్కడే తెగేవి. కోర్టు మాట తప్పినవాళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు గానీ మైసమ్మ ముక్క తప్పినవాడు లేడు.

పని నుంచి దిగాక తాత తన కొద్దిపాటి చెలక దున్నడానికి ఒక ఎడ్ల జత కొన్నాడు. ఒకటి ముందే పోయింది. మిగిలింది నొసట నల్లమచ్చ ఉన్న తెల్ల ఎద్దు. పేరు మచ్చ. దానికి ముసలితనం వచ్చింది, తాతకూ వచ్చింది. ఇద్దరూ మధ్యాహ్నం వేపచెట్టు కింద ఒకేసారి కునుకు తీసేవారు. అవ్వ దాన్ని 'మీ తాత పెద్దకొడుకు' అనేది. చిన్నకొడుకు మా బాపు నర్సింగం, తాత పని చేసిన బాయిలోనే డ్యూటీ.

ఇంతలో ఓపెన్‌కాస్టు వచ్చింది. బాయిలోకి మనుషులు దిగడం కాదు, భూమినే పైనుంచి తవ్వుకుంటూ పోవడం. మా ఊరు ఆ తవ్వకంలోకి పోతుందన్నారు. కొత్త కాలనీలో ఇళ్ళ జాగలు గీశారు. ఇల్లు కడితే వాకిలి మిగలదు, వాకిలి ఉంచితే ఇల్లు మిగలదు. ఎడ్లు, బర్రెలు ఎక్కడ నిలబడాలని తాత సర్వేకు వచ్చినాయనను అడిగాడు. ఆయన కాగితాలన్నీ తిరగేసి, పశువుల సంగతి తన దగ్గరున్న వాటిలో లేదన్నాడు. ఆ మాట అందరూ విన్నారు. వినగానే బర్రెలను అంగట్లో అమ్మేద్దామని అనుకోవడం మొదలైంది. వ్యాపారులు వ్యానులతో ఊరి చుట్టూ తిరుగుతున్నారు. ముసలి ఎద్దును ఎవరు కొంటారో, ఎందుకు కొంటారో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

సరిగ్గా అప్పుడే పశువుల డాక్టరు రఘుపతి మా ఊరికి వచ్చాడు. నౌకరీ నుంచి దిగి హైదరాబాదులో ఈ పార్టీ పెట్టుకున్న మనిషి. దుమ్ముకు పశువుల కళ్ళు ఎలా పాడవుతున్నాయో చూడడానికి వచ్చి మచ్చ కంట్లో మందు వేశాడు. మందు వేస్తూ తాత చెప్పిన ఎలుకల ముచ్చట విన్నాడు. విని, చేతులు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"కొమురెల్లి గారూ, మీరు నిలబడాలి," అన్నాడు.

"నేను సరిగ్గ నిలబడక శానా ఏండ్లయింది సారూ," అని తాత కాలు చూపించాడు.

కానీ ఆ మాట తాతలో దిగింది. గెలుస్తానని ఆయన ఏనాడూ అనుకోలేదు. ఆయన లెక్క వేరే. ఒకరోజు గడ్డి వేస్తూ బుచ్చన్నకు చెప్పాడు.

"మన ఊరి ఓట్లన్నీ ఒక్క మూటగ కుక్కరు మీద పడ్డయనుకో. గెలిచినోడు ఆ మూట సూసి, ఏంది వీళ్ళ బాధ అని ఒక్కపారి వస్తడు. కాలనీ పక్కన పసులు నిలిచే జాగ ఇయ్యిమని అడుగుదం. గంతే. నాకు కుర్చీ వద్దు, మచ్చకు నీడ గావాలె."

"గా మాత్రం దానికి మా అందరి ఓట్లు నీవే రా," అన్నాడు బుచ్చన్న. ఆ రోజు ఆ మాట నిజంగానే అన్నాడు.

ప్రచారానికి డాక్టరు ఒక పాత ఆటో, మైకు పంపాడు. క్యాసెట్టులో డాక్టరు గొంతు 'మూగజీవాల మొర వినండి' అంటూ ఏడుపు తీసేది. ఆ గొంతు వినగానే సందుల్లోని కుక్కలన్నీ ఆటో వెంట మొరుగుతూ వచ్చేవి. తాత వెనక్కి తిరిగి చూసి, "మన కార్యకర్తలు," అనేవాడు. మిగతా పార్టీలు బిర్యానీ పెడుతుంటే మా తాత గుడాలు పంచేవాడు. శనగలు ఉడికించి ఉల్లిగడ్డ వేసి మా అమ్మ, నేను గంపలకెత్తేవాళ్ళం. పోరగాళ్ళు గుడాలు తిని ఆటపట్టించేవారు.

"తాతా, నువ్వు గెలిస్తే చికెన్ బంద్ జేస్తవా?"

"బంద్ జేస్త అనలే రా. తినేముందు జర ఆగి దాని మొకం సూడుమంటున్న."

"కూరల మొకం ఏడుంటది తాతా?"

తాత కూడా వాళ్ళతో నవ్వేవాడు. తను మాత్రం పార్టీలో చేరిన నాటి నుంచి ముక్క ముట్టలేదు. ఆదివారం అవ్వ కోడికూర వండి మా బాపుకు వడ్డిస్తూ తాతకు వినపడేలా అనేది, "ఎమ్మెల్యే సాబ్‌కు గుడాలు పెట్టుండ్రి."

ఓట్ల ముందటి ఆదివారం ఒక పెద్ద పార్టీ మనుషులు మైసమ్మ గద్దె దగ్గరికి యాటను తోలుకొచ్చారు. మా ఊరంతటినీ పిలిచారు. రామగుండం ఎండ సంగతి తెలిసిందే. నేల మీద కాలు పెడితే అట్టు కాలినట్టు కాలుతోంది. అయినా అందరూ వచ్చారు. రెండో షిఫ్టు వాళ్ళు టోపీలు పెట్టుకుని దిగడానికి తయారుగా ఉన్నారు. వాళ్ళలో మా బాపు ఉన్నాడు. అవ్వ ఆడవాళ్ళలో కొబ్బరికాయ పట్టుకుని నిలబడింది. తాత కాలు ఈడ్చుకుంటూ వచ్చేసరికి ఎవరో అరిచారు.

"కొమురెల్లి కాక వచ్చిండు, తొవ్వ ఇయ్యుండ్రి! యాటతోని మాట్లాడుతడట!"

తాత నేరుగా యాట పక్కకు వెళ్ళి దాని వీపు మీద చెయ్యి వేశాడు.

"ఇది మైసమ్మ యాట కాదు, ఓట్ల యాట. అమ్మకు మొక్కున్నోళ్ళు మొక్కు తీర్చుకోండ్రి, నేను కాదంటే ఇనరు. మరి ఓటుకు దీని మెడ ఎందుకు రా? రేపు మన పసులకు జాగ అడగాలె గదా. ఇయ్యాల గిది తిన్నంక ఏ నోటితోని అడుగుతం?"

ముందు వరసలో ఇద్దరు ముగ్గురు వెనక్కి జరిగారు. ఒక్క క్షణం గెలిచాడనే అనుకున్నాను. అప్పుడు యాట మీద నీళ్ళు చల్లారు. నీళ్ళు పడగానే అది ఒళ్ళు విదిలిస్తే అమ్మ ఒప్పుకున్నట్టు. విదిలించకపోతే కొయ్యకూడదు. అది కదల్లేదు. మళ్ళీ చల్లారు. ఎండకు దానికి ఆ నీళ్ళు హాయిగా ఉన్నట్టున్నాయి, కళ్ళు మూసుకుని నిలబడింది. తాత ముఖంలోకి వెలుగు వచ్చింది. మూడోసారి ఒకడు చెంబు వంచి దాని చెవిలో పోశాడు. చెవిలో నీళ్ళు పోస్తే ఎవరు మాత్రం విదిలించరు! యాట ఒళ్ళంతా విదిలించింది. డప్పులు మోగాయి.

తాత అక్కడే కూలబడ్డాడు. మాంసం ఉడికి మోదుగాకుల్లోకి వచ్చేదాకా లేవలేదు. ఆకులు అందరి చేతుల్లోకీ వచ్చాక పార్టీ మనిషి గద్దె మెట్టెక్కి, "ఈ ముక్క తిన్నోళ్ళ ఓటు మాకే, మైసమ్మ సాక్షి!" అన్నాడు. ఊరు ఊరంతా ఆ మాటను తిరిగి అన్నది.

బుచ్చన్న ఒక ఆకు తెచ్చి తాత ముందు పట్టాడు. ఇప్పుడు నవ్వడం లేదు.

"తీస్కో కొమురెల్లీ."

"నాకొద్దు రా. నీకెరుక గదా."

"నాకెరుకే. నర్సింగం దిగుతున్నడు రా."

తాత తల తిప్పి చూశాడు. మా బాపు గద్దెకు మొక్కి నడుముకు దీపం బ్యాటరీ బిగించుకుంటున్నాడు. బాపు తండ్రి వైపు చూసి అలాగే నిలబడ్డాడు. వెనక ఉన్నవాళ్ళు కూడా ఆగారు. తాత ముక్క తినేదాకా ఎవరూ కదిలేలా లేరు.

తాత ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ఒట్టు మాట ఆయన నోటి నుంచి రాలేదు. కానీ మా దగ్గర మాటకన్నా ముక్క పెద్దది. ఆయన మింగడం చూసి షిఫ్టు కిందికి దిగింది.

ఓటు రోజు తాత ఉతికిన ధోతి కట్టుకుని అందరికన్నా ముందు వెళ్ళి వచ్చాడు. వచ్చి మచ్చ పక్కన కూర్చున్నాడు. ఎన్ని పడతాయి తాతా అంటే, ఎండ శానా ఉంది బిడ్డా అన్నాడు.

లెక్కింపు అయ్యాక ఖనికి పోయి వచ్చినవాళ్ళు కబురు తెచ్చారు. మా ఊరి పోలింగ్ బూత్‌లో కుక్కరుకు పడ్డది ఒక్క ఓటు. మిగతా ఊళ్ళలో కొన్ని పడ్డాయి గానీ అవి ఎవరూ గుర్తుపెట్టుకునేన్ని కావు. పొద్దు వాలేదాకా మా వాకిట్లో ఒకటే నవ్వులు.

"కాకా, నీ ఓటన్న నీకు పడ్డది, సంతోషపడు!"

"కుక్కరు ఒక్కటే కూత కూసిందే!"

తాత కూడా నవ్వాడు, మీసం దువ్వుకున్నాడు. నేనూ అందరితో కలిసి నవ్వాను. డాక్టరు ఫోను చేసి తాతను ఓదార్చబోయి తనే ఏడ్చాడు. తాతే ఆయన్ను ఓదార్చాడు. తర్వాత ఆ పార్టీ పేరు మళ్ళీ ఎక్కడా వినపడలేదు.

గెలిచినవాళ్ళ దగ్గరికి పోయి జాగ అడుగుదామని తాత ఎవరినీ పిలవలేదు. బుచ్చన్నే ఒకనాడు వచ్చి, "పోదం పా, అడిగి సూద్దం," అన్నాడు.

"ఏమని అడుగుతం రా? వాళ్ళు యాట పెట్టిండ్రు, మనం తిన్నం. లెక్క గాడికే సాఫ్," అన్నాడు తాత. బుచ్చన్న తన చేతుల వైపు చూసుకుని లేచి వెళ్ళాడు. ఆ చేతులకు గోళ్ళు మళ్ళీ సరిగ్గా రానేలేదు.

ఊరు ఖాళీ అవడం మొదలైంది. బర్రెలు ముందు పోయాయి, ఎడ్లు తర్వాత. కుక్కలను ఎవరూ అమ్మలేదు, ఎవరూ తీసుకుపోలేదు. మనుషులు వెళ్ళిన ఇళ్ళ గడపల ముందు అవి అలాగే పడుకునేవి. చివరికి మచ్చ ఒక్కటే మిగిలింది. తాత దాన్ని కాలనీకి తోలుకెళ్ళి కొత్త ఇంటి ముందు కట్టేశాడు. నీడ లేదు, సిమెంటు సెగ. దారికి అడ్డమని ఇరుగుపొరుగు గొడవ పెట్టుకున్నారు. ఆ ఇరుగుపొరుగు వేరెవరో కాదు, కుమ్మరికుంట వాళ్ళే. దానికి గడ్డి తినిపించిన చేతులే. తిరిగి ఊరికి తోలుకుపోదామంటే అక్కడ కంచె పడింది. మచ్చ ఎండలో నిలబడి నిలబడి మోకాళ్ళ మీద కూలబడేది. డాక్టరుకు ఫోను చేస్తే హైదరాబాదులో ఉన్న గోశాలల్లో ఖాళీ లేదని చాలాసేపు చెప్పాడు.

వ్యాపారి వచ్చిన రోజు తాత మచ్చ మెడను అరచేత్తో రాస్తూ కూర్చున్నాడు. అవ్వ చాటలో బియ్యం ఏరుతోంది. పక్కనే నేనున్నాను. తాత తల ఎత్తకుండా అన్నాడు.

"సారవ్వా, ఆ ఒక్క ఓటు నాది కాదే."

"ఎరుకే."

"ఎట్ల ఎరుక?"

"నాది గనుక."

తాత చెయ్యి ఆగిపోయింది. "నువ్వు యాట తినలేదా?"

"నువ్వు మానిన్నాడే నేను మానిన. వండుడు బంద్ జేస్తనా, ఇంట్ల తినేటోళ్ళున్నరాయె." అవ్వ బియ్యంలోంచి ఒక రాయి తీసి పారేసింది. "ఆ పొద్దు నాకూ ఆకు పెట్టిండ్రు. వద్దన్న. కొబ్బరికాయ కొట్టి, నా కొడుకును సల్లంగ సూడు తల్లీ అని మొక్కిన. అమ్మ ఏమనలే."

"కొబ్బరికాయతోని అయిపోతుండెనా?" అన్నాడు తాత.

ఎవరినీ అడిగినట్టు లేదు ఆ మాట. అవ్వ తాతను ఆటపట్టించే అవకాశం వచ్చి కూడా జీవితంలో మొదటిసారి వదులుకుంది. నేనూ వదులుకున్నాను.

వ్యాపారి తన తాడు తెచ్చుకున్నాడు. మా దగ్గర పశువును అమ్మితే పలుపు ఇవ్వరు, అది ఇంటికే ఉండాలి. తాత మచ్చ మెడలోంచి పలుపు విప్పబోతే ముడి రాలేదు. ఏళ్ళ తరబడి బిగిసిన ముడి. గోళ్ళతో లాగి, పళ్ళతో లాగి విప్పాడు. మచ్చ కదలకుండా నిలబడి ఆయనకు సాయం చేసింది. వ్యాను ఎక్కడానికి మాత్రం మొరాయించింది. తాత ముందుకు వెళ్ళి, "ఎక్కు బిడ్డా," అన్నాడు. ఎక్కింది. ఆయన ఏం చెప్పినా వినేది అది.

తెలంగాణ వచ్చిన రోజు ఖని చౌరస్తాలో పటాకులు పేల్చారు. మా ఊరున్న చోట అప్పటికి పెద్ద గొయ్యి. బుచ్చన్న లేడు. తాతకు దగ్గు. కాలనీలో అందరూ మిఠాయి పంచుతుంటే మాకూ ఒక లడ్డు వచ్చింది. తాత అందులోంచి కొంచెం విరిచి, అలవాటు కొద్దీ గోడ మూలకు పెట్టాడు. కాలనీకి వచ్చిన నాటి నుంచి ప్రతి పూటా మొదటి ముద్ద అక్కడే పెడుతున్నాడు.

"సిమెంటిల్లు తాతా, గీడ ఎలుకలేడున్నయి?" అన్నాను, నవ్వించాలని.

"వస్తలేవని సూస్తనే ఉన్న బిడ్డా," అన్నాడు. అని, తల ఎత్తి ఇంటి కప్పు వైపు చూశాడు.

పొద్దున అవ్వ ఊడ్చేటప్పుడు లడ్డు ముక్క పెట్టినచోటే ఉంది.